పోటీదారు విడుదల ముందురోజే మన ప్రకటన: వ్యాపార తెలివా, అన్యాయమా?

షాపు బాబాయి, విజయనగరం

విజయనగరంలో కోట దగ్గర పంతొమ్మిదేళ్లుగా మొబైల్ షాపు నడుపుతున్నాను. నన్ను బాగా బాధపెట్టిన విషయం ఒకటుంది. తప్పో ఒప్పో తేల్చుకోలేక ఈ ఆన్‌లైన్ చర్చలో పెడుతున్నాను.

మా పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా వెళ్లాక వచ్చే మంగళవారం. ఆ పదిహేను రోజుల బేరమే మాకు ఏడాదికంతా ముఖ్యం. చుట్టుపక్కల ఊళ్ల జనం చుట్టాల ఇళ్లకి వస్తారు, ఆ వచ్చినప్పుడే బట్టలూ ఫోనులూ కొనుక్కుంటారు. కిందటేడు ఆ సీజన్‌కి ఒక కంపెనీ కొత్త మోడల్ దింపుతోందని డిస్ట్రిబ్యూటర్ చెబితే, ముందే డబ్బు కట్టి నలభై పీసులు తెచ్చాను. ఒక్కోటి పదిహేను వేల లెక్కన ఆరు లక్షలు. అందులో సగం వడ్డీకి తెచ్చింది.

అమ్మకాలు మొదలయ్యేది గురువారం. బుధవారం సాయంత్రం పోటీ కంపెనీ ఒక ప్రకటన వదిలింది. ఇంతకంటే పెద్ద బ్యాటరీ, ఇంతకంటే మంచి కెమెరా, నమ్మలేనంత తక్కువ ధర, త్వరలో. తేదీ లేదు, ధర ఎంతో లేదు. రాత్రికల్లా అది ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ తిరిగింది. గురువారం షాపుకి వచ్చినవాళ్లు ఫోను చేతిలో పట్టుకుని చూసి, "ఇంకోటేదో వస్తోందట కదా బాబాయ్, ఓ వారం ఆగి చూస్తాను" అని కౌంటర్ మీద పెట్టేసి వెళ్లారు. సిరిమాను తిరిగింది, జనం ఊళ్లకి వెళ్లిపోయారు. నలభైలో పదకొండు అమ్మగలిగాను.

ఆ రెండో ఫోను సంక్రాంతి దాటాక వచ్చింది. ధర నా దగ్గరున్నదానికంటే రెండు వేలు ఎక్కువ. ఈలోగా నా దగ్గరున్న మోడల్‌కి కంపెనీయే రేటు తగ్గించేసింది. మిగిలినవి నష్టానికి వదిలించుకున్నాను.

నా ప్రశ్న ఇదే. పోటీవాడి విడుదల రోజు చూసుకుని, చేతిలో సరుకు లేకుండా ప్రకటన వదలడం వ్యాపారంలో మామూలే అని ఊరుకోవాలా? లేక అడ్డుకోవలసిన పనేనా?

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం (ఉద్యోగం బెంగళూరులో)

బాబాయ్ గారూ, మీకు నష్టం జరిగింది, కాదనను. అయినా దీన్ని అన్యాయం అనలేను.

నేను సాఫ్ట్‌వేర్‌లో పదేళ్లుగా ఉన్నాను. మా దగ్గర ఇది ప్రతి నెలా చూస్తాం. 2024 ఫిబ్రవరి 15న గూగుల్ తన ఏఐ మోడల్ జెమినై 1.5 ప్రకటించింది. అదే రోజు చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ కంపెనీ, రాసిన మాటల్ని వీడియోగా మార్చే సోరాను చూపించింది. ఆ రోజంతా జనం సోరా గురించే మాట్లాడారు. మళ్లీ అదే ఏడాది గూగుల్ పెద్ద సమావేశం మే 14న ఉంటే, ఓపెన్‌ఏఐ మే 13న తన కొత్త ఏఐ మోడల్ జీపీటీ-4ఓ ను తెచ్చింది. అయితే ఆ మోడల్‌ని డబ్బు కట్టనివాళ్లకి కూడా ఇచ్చారు. ఎచ్చెర్లలో చదువుకునే పిల్లలు దాన్ని పైసా ఖర్చు లేకుండా వాడుకున్నారు. ఇద్దరు పెద్దవాళ్ల పోటీ వల్ల మన పిల్లలకి మేలు జరిగితే మనకేం బాధ?

జియో సంగతి గుర్తుంది కదా. 2016 సెప్టెంబరు 1న రిలయన్స్ వార్షిక సమావేశంలో జియో ధరలు చెప్పారు, 5 నుంచి సేవలు మొదలయ్యాయి. దానికి మూడు రోజుల ముందు, ఆగస్టు 29న, ఎయిర్‌టెల్ తన డేటా ధరను 80 శాతం వరకు తగ్గించే పథకం ప్రకటించింది. పోటీవాడు వస్తున్నాడని తెలిసి చేసిందే అని అందరూ అనుకున్నారు. దాన్ని తప్పు అనగలమా? ఒక గిగాబైటుకి రెండొందలు పైన పెట్టిన రోజులు మనకి తెలుసు.

ఇంకో మాట. ఈ ఎత్తు వేసినవాడికే తిరగబడుతుంది కూడా. 1995లో అమెరికాలో సోనీ తన వీడియో గేమ్ మెషిన్, మొదటి ప్లేస్టేషన్‌ని సెప్టెంబరులో దింపబోతోంది. సెగా కంపెనీ కూడా తన శాటర్న్ సెప్టెంబరులోనే వస్తుందని చెప్పి, మే 11న ఒక పెద్ద ప్రదర్శనలో, మా మెషిన్ ఈ రోజే షాపుల్లో ఉంది, ధర 399 డాలర్లు అని ప్రకటించింది. అదే రోజు సోనీ ప్రతినిధి వేదిక ఎక్కి ఒక్క అంకె చెప్పి దిగిపోయాడు: 299. సెగా ఎత్తు అక్కడే పోయింది. కొనేవాళ్లు తెలివైనవాళ్లు. వాళ్లే తేలుస్తారు, మధ్యలో ఇంకెవరూ అక్కర్లేదు.

పాత క్లాసురూం, శ్రీకాకుళం

బాబూ, నువ్వు చెప్పిన ఉదాహరణల్లోనే రెండు రకాలున్నాయి. వాటిని విడదీయకపోతే ఈ చర్చ ఎంతసేపైనా తేలదు.

ఎయిర్‌టెల్ ధర తగ్గించింది. తగ్గించిన ధరకి డేటా అప్పుడే దొరికింది. జీపీటీ-4ఓ ప్రకటించిన రోజు నుంచే జనానికి అందడం మొదలైంది. సోరా అలా కాదు. ఫిబ్రవరిలో చూపించారు, మామూలు జనం చేతికి వచ్చింది ఆ ఏడాది డిసెంబరులో. పది నెలలు. గూగుల్‌తో పోటీ కోసమే ఆ రోజు ఎంచుకున్నామని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఉద్దేశం జోలికి నేను పోను. కానీ ఆ రోజు చూపించిన వస్తువు అమ్మకానికి లేదన్నది మాత్రం వాస్తవం.

కంప్యూటర్లు పుట్టినప్పటి నుంచీ ఈ గొడవ ఉంది. 1964లో కంట్రోల్ డేటా అనే కంపెనీ, సీమోర్ క్రే రూపొందించిన సీడీసీ 6600ని తెచ్చింది. అప్పటికి ప్రపంచంలో అన్నిటికంటే వేగమైన కంప్యూటర్ అది. కంట్రోల్ డేటా మాత్రం, కంప్యూటర్లలో అప్పటి పెద్ద కంపెనీ ఐబీఎం కంటే ఎన్నో రెట్లు చిన్నది. ఐబీఎం వెంటనే, దానికి దీటైనది మేమూ తెస్తున్నామని తన 360 అనే కంప్యూటర్ల వరుసలో మోడల్ 91 ప్రకటించింది. ఆ మొదటి యంత్రం చేరింది 1967లో. ఈలోగా కొనాలనుకున్న ప్రయోగశాలలు, ఐబీఎం వస్తోంది కదా అని ఆగాయి. లేని యంత్రాలను కాగితం మీద అమ్ముతున్నారని కంట్రోల్ డేటా 1968 డిసెంబరులో కోర్టుకి వెళ్లింది. 1973లో రాజీ కుదిరింది. ఇతర సంస్థలకి కంప్యూటర్ పని చేసిపెట్టే తన సర్వీస్ బ్యూరో విభాగాన్ని ఐబీఎం కంట్రోల్ డేటాకి వదులుకోవలసి వచ్చింది.

తరువాత మైక్రోసాఫ్ట్. 1983 నవంబరు 10న విండోస్ ప్రకటించారు. అదే సమయానికి విజీకార్ప్ అనే చిన్న కంపెనీ ‘విజీ ఆన్’ పేరుతో అలాంటిదే అమ్మకానికి సిద్ధం చేస్తోంది. విండోస్ డబ్బా షాపుకి చేరింది 1985 నవంబరు 20న. రెండేళ్లు! అప్పట్లోనే ఇలాంటి సరుకుకి ‘వేపర్‌వేర్’ అని పేరు పడింది. ఆవిరి అన్నమాట. 1995లో స్పోర్కిన్ అనే అమెరికా న్యాయమూర్తి, పోటీని అడ్డుకుంటోందన్న కేసులో మైక్రోసాఫ్ట్‌తో ప్రభుత్వం చేసుకున్న ఒప్పందాన్ని ఆమోదించడానికి నిరాకరించారు. ఈ ఆవిరి సరుకు ప్రకటనల సంగతి అందులో లేదన్నది ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి. పై కోర్టు ఆయన తీర్పుని కొట్టేసింది, అది వేరే విషయం. కానీ ఒక న్యాయమూర్తికి ఇది పట్టించుకోదగ్గ విషయంగా కనిపించింది.

మన దేశంలోనూ చూశాం. 2008 జనవరి 10న ఢిల్లీలో టాటా నానో చూపించారు. అదే వారంలో, అంతకు ముందే, బజాజ్ తన చిన్న కారు నమూనాని చూపించింది. ఆ కారు ఆ రూపంలో ఎప్పుడూ షోరూంకి రాలేదు.

అందుకని నేను అడిగేది ఒకటే. ప్రకటన ఏ రోజున వచ్చిందన్నది నాకు ముఖ్యం కాదు. ఆ రోజు వాడి చేతిలో వస్తువు ఉందా లేదా?

షాపు బాబాయి, విజయనగరం

మాస్టారూ, నాకు గొంతులో ఉన్న మాట మీరు చెప్పారు.

నాగావళి ఒడ్డు తమ్ముడూ, నువ్వు చెప్పిన సెగా కథ నాకు కొత్త. మా అబ్బాయి చేత చదివించుకున్నాను. అందులో నువ్వు వదిలేసిన ముక్క ఒకటుంది. ఆ మే నెలలో శాటర్న్ నాలుగు పెద్ద షాపుల గొలుసులకే ఇచ్చారట. మిగతా షాపులవాళ్లకి కనీసం కబురు లేదు. వాళ్లంతా సెప్టెంబరు కోసం స్థలం, డబ్బు సిద్ధం చేసుకుంటున్నారు. ఒక బొమ్మల షాపుల సంస్థ అయితే కోపంతో సెగా సరుకే పెట్టం అంది. సెగాకి తిరగబడింది అన్నావు, నిజమే. కానీ సెగా పడేలోపు, మధ్యలో ఉన్న షాపువాడు ఎన్ని రాత్రులు నిద్రపోలేదో ఎవరు రాస్తారు? ఎత్తు వేసేవాళ్లు ఇద్దరు, నలిగేది మూడోవాడు.

జీడితోట, కాశీబుగ్గ

ఇది చదివాక నా సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మాది పలాస-కాశీబుగ్గ. మా దగ్గర జీడి ఫ్యాక్టరీలు వీధికొకటి. లెక్కలు చాలా చిక్కు. పిక్క ఎనభై కిలోల బస్తాల్లో వస్తుంది. ఉడకబెట్టడం, కటింగ్, ఆరబెట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగ్, ఒక్కో దశకి ఒక్కో కూలి. చాలా పనులకి కూలి రోజుకి కాదు, కిలోకి. విరగని గుండు వేరు, రెండుగా విడిన బద్ద వేరు, ముక్క వేరు. గుండులో మళ్లీ సైజుని బట్టి 180, 210, 240, 320 అని రకాలు. ఒక బస్తా పిక్కకి ఎంత పప్పు పడింది, అందులో గుండు ఎంత అన్నదే యజమాని లాభం. మామూలు అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో ఇవేవీ పట్టవు. మా అమ్మ ఇరవై రెండేళ్లు పొట్టు తీసే పని చేసింది. శనివారం సాయంత్రం చీటీ లెక్క తప్పొచ్చి, తక్కువ కూలితో ఇంటికి వచ్చిన రోజులు నాకు తెలుసు. ఆ చీటీ తప్పు రాకూడదనే నేను ఈ పనిలో దిగాను.

నేనూ ఇద్దరు కుర్రాళ్లూ కలిసి రెండేళ్లు కూర్చుని సాఫ్ట్‌వేర్ తయారుచేశాం. తెలుగులో చీటీ వస్తుంది, పనిచేసే ఆవిడ తన కిలోలు తనే చదువుకోవచ్చు. కొత్త పిక్క మార్చిలో దిగడం మొదలవుతుంది కాబట్టి ఫిబ్రవరిలో చూపించాలని నిర్ణయించాం. ఒక కల్యాణమండపం తీసుకున్నాం. ఇరవై ఆరు మంది ఫ్యాక్టరీ యజమానులు వస్తామన్నారు. ఏడాదికి తొమ్మిది వేలు అని ధర చెబితే, పది మంది అప్పటికే సరే అన్నారు.

సరిగ్గా రెండు రోజుల ముందు, దేశమంతా పేరున్న ఒక అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ కంపెనీ డీలర్ అందరికీ వాట్సాప్‌లో పంపించాడు: జీడి పరిశ్రమకి ప్రత్యేక సదుపాయం, త్వరలో, ఇప్పటికే మా సాఫ్ట్‌వేర్ ఉన్నవారికి పూర్తిగా ఉచితం. మేం మండపం తీసుకున్న సంగతి ఆయనకి తెలుసు. మా ఆహ్వానం ఆయనకి కూడా వెళ్లింది.

ఏడుగురు వచ్చారు. టిఫిన్లు అరవై మందికి చెప్పాం. వచ్చినవాళ్లు శ్రద్ధగా చూశారు, చాలా బాగుందన్నారు. వెళ్లేటప్పుడు ఒక పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఉచితంగా వస్తోంది కదా నాయనా, ఈ సీజన్ చూద్దాం" అన్నారు. ఆయన మంచి మనిషి. ఆయన మాటలో తప్పేమీ లేదు. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి.

ఆ సీజన్‌లో ఆ ఉచిత సదుపాయం రాలేదు. మరుసటి సీజన్‌కి వచ్చింది, విడిగా డబ్బు కట్టాలి, కిలో కూలి లెక్క అందులో లేదు. అప్పటికి నా దగ్గర ఒక కుర్రాడు విశాఖపట్నం వెళ్లిపోయాడు, రెండోవాడికి నేనే వేరే పని చూసుకోమన్నాను. నా సాఫ్ట్‌వేర్ ఓడిపోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. పోటీ జరగనేలేదు. నా వస్తువుకి ఎదురుగా నిలబడింది వస్తువు కాదు, ఒక వాట్సాప్ మెసేజ్.

రాజాం టీచరమ్మ

జీడితోట బాబూ, మీ అమ్మగారి సంగతి చదివి కళ్లు చెమర్చాయి. అయినా నా వైపు మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఇంతవరకూ కొనేవాళ్లు ఎవరూ మాట్లాడలేదు.

నేను రాజాం దగ్గర పల్లెలో ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతాను. జీతం పద్నాలుగు వేలు. పదకొండు నెలలు చీటీ కట్టి, స్కూటీ కొనడానికి డబ్బు జమచేశాను. షోరూంకి వెళ్లి మాట్లాడుకున్నాను, మర్నాడు డబ్బు కట్టాలి. ఆ రాత్రి ఇంకో కంపెనీ, అదే రకం బండి పన్నెండు వేలు తక్కువకి, పై నెల ఐదో తారీఖు నుంచి ఇస్తామని ప్రకటించింది. నేను ఆగాను. ఐదో తారీఖు కాదు, తొమ్మిదో తారీఖున బండి వచ్చింది. నాకు పన్నెండు వేలు మిగిలాయి. అది దాదాపు నా నెల జీతం.

ఆ ప్రకటన మొదటి కంపెనీని దెబ్బతీయడానికే ఆ రోజు వచ్చి ఉండొచ్చు. వాళ్ల మనసులో ఏముందో నాకెందుకు? నాకు ఆ మాట ఒక్క రోజు ఆలస్యంగా తెలిసి ఉంటే డబ్బు కట్టేసి, జీవితమంతా బాధపడేదాన్ని. షాపువాళ్ల స్టాకు అమ్ముడుపోవడం కోసం, రాబోయేదాని సంగతి నాకు చెప్పకుండా దాచాలా? పోటీవాడి విడుదలకి ఇన్ని రోజుల ముందూ వెనకా ఎవరూ నోరు విప్పకూడదని నియమం పెడితే, ముందు నష్టపోయేది నాలాంటి వాళ్లే.

షాపు బాబాయి, విజయనగరం

అమ్మా, మీరు చెప్పింది నేను కాదనలేను. మా అమ్మాయి బండి కొంటానంటే నేనూ ఆగమనే చెబుతాను.

అయితే మీ ప్రకటనలో రెండున్నాయి, చూశారా. ఐదో తారీఖు అని తేదీ ఉంది. పన్నెండు వేలు తక్కువ అని ధర ఉంది. నాలుగు రోజులు ఆలస్యమైనా మాట నిలబడింది. ఆ రెండూ ఉంటే నేను కూడా నా లెక్క వేసుకుని, నా నలభై పీసుల్లో ఇరవై వెనక్కి పంపేవాణ్ణి. నా దగ్గరికి వచ్చిన ప్రకటనలో ‘త్వరలో’ తప్ప ఏమీ లేదు. దాంతో ఎవరు ఏం లెక్క వేసుకోగలరు?

నల్లకోటు, శ్రీకాకుళం

చట్టం ఏం చెబుతుందో కొంత రాస్తాను. ఆశ పెట్టుకుని ఎవరూ తిరగకూడదని.

2002 పోటీ చట్టంలో 4వ సెక్షన్ ఉంది. మార్కెట్‌లో ఆధిపత్యం ఉన్న కంపెనీ ఆ బలాన్ని దుర్వినియోగం చేయకూడదు. ఇక్కడ ముందు నిరూపించవలసింది ఆధిపత్యం. ఎయిర్‌టెల్ జియో మీద ఇదే దారిలో ఫిర్యాదు చేస్తే, జియోకి అప్పటికి ఆధిపత్య స్థానం లేదని 2017 జూన్‌లో పోటీ కమిషన్ కొట్టేసింది. ఉచితంగా ఇచ్చినా సరే, ఆధిపత్యం లేనివాడికి ఆ సెక్షన్ తగలదు. ఫోనుల మార్కెట్‌లో పది కంపెనీలు కొట్టుకుంటున్నాయి, అక్కడ ఏ ఒక్కరికీ ఆధిపత్యం ఉందని చూపించడం కష్టం. జీడితోట గారి సంగతి వేరు. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో ఒకే కంపెనీ బలంగా ఉందని చూపించగలిగితే వాదించడానికి కొంత చోటుంది. కానీ కేసు ఢిల్లీలో. రెండు సీజన్ల ఆదాయం పోయినవాడు అంత దూరం ఎలా పోరాడతాడు?

రెండోది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. తప్పుదారి పట్టించే ప్రకటనకి నిర్వచనం ఉంది. ముఖ్యమైన సమాచారం కావాలని దాచడం కూడా అందులోకి వస్తుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పది లక్షల వరకు జరిమానా వేయొచ్చు, మళ్లీ చేస్తే యాభై లక్షల వరకు. అయితే బాబాయ్ గారూ, మీరు ఆ చట్టం కింద వినియోగదారు కారు. తిరిగి అమ్మడానికి కొన్నవాడు ఆ నిర్వచనంలోకి రాడు. మీకు జరిగిన నష్టం నిజం, మీరు వెళ్లగలిగే తలుపు మాత్రం అది కాదు. మీ దగ్గర ఫోను పెట్టేసి వెళ్లి, మూడు నెలలు ఆగి, చివరికి ఆ రెండో ఫోను కొని మోసపోయిన కస్టమర్లు అయితే వెళ్లగలరు. అందరికీ సంబంధించిన తప్పుడు ప్రకటన అయితే జిల్లా కలెక్టర్‌కి కూడా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చని ఆ చట్టంలోనే ఉంది. చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఉద్దేశాన్ని కోర్టులో నిరూపించడం దాదాపు అసాధ్యం. ఆ రోజే ఎందుకు ప్రకటించావు అంటే, మాకు ఆ రోజు ముహూర్తం బాగుంది అంటాడు. మాస్టారు చెప్పిన ప్రశ్న, వస్తువు ఉందా లేదా అన్నది, సాక్ష్యానికి నిలబడుతుంది.

నాగావళి ఒడ్డు

జీడితోట అన్నా, నీ కథ చదివాక నా మొదటి పోస్టులో చివరి వాక్యం రాయకుండా ఉండాల్సింది అనిపించింది. కొనేవాళ్లే తేలుస్తారు అన్నాను. మీ దగ్గర తేల్చడానికి వాళ్ల ముందు రెండు వస్తువులు లేవు.

అయినా ఒక విషయంలో మాత్రం నేను మారలేదు. సాఫ్ట్‌వేర్ తయారీలో తేదీ చెప్పి నిలబెట్టుకోవడం చాలా కష్టం. నేను పనిచేసిన ప్రాజెక్టుల్లో సగానికి పైగా ఆలస్యమయ్యాయి. అందులో ఎవరూ ఎవరినీ మోసం చేయాలనుకోలేదు. రాత్రంతా కూర్చున్నా పని తెగలేదు. ఆలస్యమైన ప్రతిదానికీ జరిమానా అంటే, పెద్ద కంపెనీ కట్టేసి ఊరుకుంటుంది. నీలాంటి ముగ్గురు మనుషుల కంపెనీ మూతపడుతుంది. నువ్వు కూడా ఎప్పుడో ఒకప్పుడు తేదీ తప్పి ఉంటావు కదా?

ముందుగా చెప్పేవాడు తన కాలు తనే నరుక్కున్న సందర్భమూ ఉంది. 1983లో ఆస్‌బోర్న్ అనే కంప్యూటర్ల కంపెనీ, ఇంతకంటే మంచి మోడల్ వస్తోందని ముందే చెప్పుకుంటే, ఉన్న మోడల్ కొనేవాళ్లు ఆగిపోయారు. ఆ సెప్టెంబరుకి దివాలా తీసింది. ఆ ఒక్క ప్రకటనే కారణం కాదన్నవాళ్లూ ఉన్నారు, కానీ వ్యాపార పాఠాల్లో ఇప్పటికీ ఆ పేరే చెబుతారు.

జీడితోట, కాశీబుగ్గ

తప్పాను తమ్ముడూ. మొదట దీపావళికి ఇస్తామని ఇద్దరు యజమానులకి చెప్పి, ఫిబ్రవరికి తెచ్చాను. కానీ తప్పిన రోజున వాళ్ల ఫ్యాక్టరీకి వెళ్లి, కూర్చుని, కాలేదని చెప్పాను. తీసుకున్న అడ్వాన్సు వెనక్కి ఇస్తానన్నాను, వాళ్లు వద్దన్నారు. ఆలస్యం అందరికీ అవుతుంది. ఆ డీలర్ మెసేజ్ పంపిన తరువాత, సీజన్ మొత్తంలో ఒక్కసారైనా, ఈసారి రావడం లేదు, మీ దారి మీరు చూసుకోండి అని ఇంకో మెసేజ్ పంపి ఉంటే, ఏప్రిల్‌లోనైనా నాకు నలుగురు దొరికేవాళ్లు. నాకు కోపం ఆ రెండో మెసేజ్ రానందుకు.

పాత క్లాసురూం, శ్రీకాకుళం

ఆస్‌బోర్న్ కథ సరే బాబూ. కానీ అది నీ వాదనకి పూర్తిగా పనికిరాదు. ఆస్‌బోర్న్ దగ్గర అమ్ముకోవడానికి ఆ ఒక్క సరుకే ఉంది, అందుకే ఆ కంపెనీయే మునిగింది. ఐబీఎంకి వంద సరుకులున్నాయి. ఒకటి ఆలస్యమైతే వాళ్ల ఇంట్లో పొయ్యి ఆరదు. ఎదుటివాడికి ఉన్నది ఒక్కటే, కొనేవాడు ఆగిన ఏడాది వాడికి చివరి ఏడాది అవుతుంది. ‘త్వరలో’ అనే మాట ఇద్దరూ వాడినా ఖరీదు ఒకటి కాదు.

సంక్రాంతి సినిమాల దగ్గర కూడా ఇదే చూస్తాం. ఏడాది ముందే పండక్కి వస్తున్నామని పోస్టర్ వేసి తేదీ పట్టుకుంటారు. ఆ భయంతో చిన్న సినిమావాడు తన తేదీ మార్చుకుంటాడు. తీరా పెద్ద సినిమా వాయిదా పడితే, చిన్నవాడికి పోయిన పండగ వెనక్కి రాదు.

రాజాం టీచరమ్మ

మాస్టారూ, 2021 ఆగస్టు 15న ఓలా, సింపుల్ అనే రెండు కంపెనీలు ఒకే రోజు కరెంటు స్కూటర్లు చూపించాయి. మా స్టాఫ్‌రూంలో ఆ నెలంతా అదే మాట. ఓలా బళ్లు ఇవ్వడం ఆ డిసెంబరులో మొదలైంది. సింపుల్ వన్ కస్టమర్ల చేతికి రావడం 2023లో మొదలైంది. ఒకే రోజు విన్న రెండు మాటల్లో ఒకటి నాలుగు నెలలకి, ఒకటి దాదాపు రెండేళ్లకి. వినేటప్పుడు రెండూ ఒకేలా వినిపించాయి. మాకు తేడా తెలిసే దారేది? అది చెప్పండి, చట్టం సంగతి తరువాత.

బాబాయ్ గారూ, మీ షాపులోనే ఎందుకు మొదలుపెట్టకూడదు? ఏ కంపెనీ ఎప్పుడు ఏం చెప్పింది, ఏ రోజు నిజంగా వచ్చింది, చెప్పిన ధర ఎంత, వచ్చిన ధర ఎంత. కౌంటర్ వెనక రాసిపెట్టండి. ఒక్క షరతు. మాట నిలబెట్టుకున్నవాళ్లవి కూడా రాయాలి, మీ బేరం పోయినా సరే.

నల్లకోటు, శ్రీకాకుళం

ప్రకటన స్క్రీన్‌షాట్ తేదీతో సహా దాచుకోండి. రేపు ఎవరైనా ఫిర్యాదు పెట్టాలంటే ముందు కావలసింది అదే.

షాపు బాబాయి, విజయనగరం

నాలుగు రోజులు ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించాలి.

తెల్ల బోర్డు ఒకటి కొని కౌంటర్ వెనక కొట్టించాను. మా అబ్బాయి గడులు గీశాడు: ప్రకటించిన రోజు, చెప్పిన తేదీ, వచ్చిన తేదీ, చెప్పిన ధర, వచ్చిన ధర. మొదటి వరుసలో నన్ను ముంచిన ఫోను రాశాను. అందులో చెప్పిన తేదీ, చెప్పిన ధర గడులు ఖాళీ. టీచరమ్మగారి షరతు ప్రకారం, రెండేళ్లలో చెప్పిన రోజుకే వచ్చిన మూడు మోడళ్లు కూడా రాశాను. పై నెల పన్నెండున పదమూడు వేలకి వస్తున్నామని ఒక కంపెనీ ఈ వారమే తేదీతో ప్రకటించింది. అదీ రాశాను. దానికి పోటీగా ఉన్న ఫోను నా దగ్గర ఎనిమిది పీసులున్నాయి.

నిన్న గజపతినగరం నుంచి తండ్రీ కూతుళ్లు వచ్చారు. ఆ అమ్మాయి కాలేజీలో చేరుతోందట. బోర్డు అంతా చదివి, ఆ ఖాళీ గడులేమిటని అడిగింది. వాళ్లు చెప్పలేదమ్మా అన్నాను. పన్నెండో తారీఖు వరుస చూపించి, మరి దీనికి ఆగమంటారా అంది. ఈ కంపెనీ కిందటి రెండుసార్లూ చెప్పిన రోజుకే తెచ్చింది, తొందర లేకపోతే ఆగమన్నాను. తండ్రి నా ముఖంలోకి ఒకసారి చూసి, పన్నెండుకి వస్తాం అని ఫోను నంబరు రాసిచ్చి వెళ్లారు.

జీడితోట బాబూ, మీ చీటీ సాఫ్ట్‌వేర్ ఇంకా నడుస్తోందా? చీపురుపల్లిలో మా తోడల్లుడికి చిన్న జీడి యూనిట్ ఉంది, కిలో కూలి లెక్కతో తల పట్టుకుంటున్నాడు. ఆదివారం తీసుకొచ్చి చూపించగలరా?

జీడితోట, కాశీబుగ్గ

నడుస్తోంది బాబాయ్ గారూ. ఆదివారం పొద్దున్న పది గంటలకి చీపురుపల్లిలో ఉంటాను.